పిలిస్తే వచ్చేవాడు

హట్టి,
మార్చి 18

జగన్నాథ్,

'చిరంజీవి' అని మొదలుపెట్టాలి, తెలుసు. ఈసారికి ఉత్త పేరుతో సరిపెట్టుకో. కోపం తగ్గాక అదీ రాస్తాను.

పది రోజులుగా నువ్వు ఫోన్ చేస్తుంటే నేను ఎత్తడం లేదు. "అమ్మ స్నానానికి పోయింది", "అమ్మ గుడికి పోయింది" అని శృతి చేత చెప్పిస్తున్నాను. పాపం, బాలింత పిల్ల నా కోసం అబద్ధాలాడుతోంది. కూతురి పురుటికి వెళ్లిన అక్క అక్కడే కులాసాగా ఉండి తమ్ముణ్ణి మరిచిపోయిందని నువ్వు ఊళ్లో చెప్పుకుంటున్నావట. మరిచిపోలేదు నాయనా. నీ ఫోన్ అంటేనే భయం పట్టుకుంది.

అల్లుడు గురుప్రసాద్‌తో గనిలో పనిచేసే ఒకాయనది జాలహళ్లి. రెండు వారాల కిందటి ఆదివారం భోజనానికి వచ్చాడు. "అమ్మా, మా ఊళ్ల బండలాగుడు పోటీల మీ ఊరి ఎద్దులే గెలిచినయి" అని సంబరంగా వీడియో చూపించాడు. చూస్తే మన బుడ్డోడు, పక్కన వాడి జత ఎద్దు కాశి. వెనక అంత పెద్ద బండ. చుట్టూ జనం, ఈలలు. ఎవరి చేతిలోనూ చెర్నాకోల లేదు. నిజంగానే పొంగిపోయాను. మా తమ్ముడు ఎద్దును కొట్టే మనిషి కాదండీ అని గొప్పలు చెప్పబోయాను. అంతలో నా గొంతు వినబడింది.

"బుడ్డా... దా బుడ్డా... దా నాయనా, దా, దా."

ఎద్దుల ముందు నీ స్నేహితుడు కేశవులు నడుస్తున్నాడు. వాడి చేతిలో చిన్న స్పీకర్ డబ్బా. ఆ డబ్బాలో నేను. వాడు దాన్ని ఎత్తిపట్టి వెనక్కి వెనక్కి జరుగుతుంటే, నా బిడ్డ మెడ చాచి, నాలుక బయటపెట్టి, దాని వెంట వస్తున్నాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది. శివరాత్రికి ముందు నువ్వు ఫోన్ చేసి ఏమన్నావు? "అక్కా, నువ్వు పోయినకాడి నుంచి బుడ్డోడు మేత ముడుతలేడు. ఒక్కసారి పిలువు, వాని చెవికాడ పెడ్త" అన్నావు. నేను పొయ్యి మీద పాలు వదిలేసి, పక్కింటివాళ్లు నవ్వుతున్నా సిగ్గుపడకుండా, గొంతెత్తి పిలిచాను. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ పిలిచాను. నువ్వు ఆ పిలుపును ఫోన్‌లో పట్టి దాచుకున్నావు!

ఇక నీతో ఫోన్‌లో మాట్లాడను. నా గొంతు నీ చేతికి ఇవ్వను. చెప్పాల్సింది కాగితం మీద రాస్తాను, కాగితం ఎద్దుకు వినబడదు కాబట్టి. నువ్వూ రాయి. ఆ వీడియోలో వాడి వెనక కుడికాలు ఎందుకు అలా పడుతోంది? మొదట అది రాయి.

శరణమ్మ


గిల్లేసూగూరు,
మార్చి 27

అక్కా, దండాలు.

తెలుగు రాసి ఎన్నేళ్లయిందో. తలకట్లన్నీ కన్నడంలో పడుతున్నాయి. చూసి నవ్వుకో, కోపమైనా తగ్గుతుంది.

ఏందక్కా ఇది? ఖూనీ చేసినవాడికి రాసినట్టు రాశావు. నేను వాణ్ని కొట్టానా? ములుగర్రతో పొడిచానా? తోక మెలిపెట్టానా? ఇప్పుడు పోటీల్లో అవేవీ కుదరవు. పోలీసులు పక్కనే నిలబడి చూస్తారు. చేయి ఎత్తితే జతను బయటికి పంపేస్తారు. పెద్దపెద్ద వాళ్ల ఎద్దులు సగం దూరంలో మొరాయించి నిలబడుతుంటే, మనవాడు ఒక్క దెబ్బ లేకుండా లాగాడు. ఎవరైనా తప్పు పట్టారా? "ఏం ప్రేమప్పా ఆ ఎద్దుకు!" అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

ఈ ఆలోచన నాకు ఎక్కడ వచ్చిందో చెప్పనా? పోయిన ఏడు నువ్వు మంత్రాలయం నుంచి వచ్చి వాకిట్లోంచి పిలిస్తే, వాడు కట్టుగొయ్యను పెకిలించుకుని దాన్ని ఈడ్చుకుంటూ వచ్చాడు చూడు, ఆనాడే. నువ్వు పొర్లిపొర్లి నవ్వావు. నేను మాత్రం ఆ కొయ్య ఎంత లోతున పాతిందో చూశాను.

వాడు మొదటిసారి రెండు పళ్ల లేత ఎద్దుల పోటీలో గెలిచినప్పుడు కాళ్లకు పసుపునీళ్లు పోసి ఊరంతా తిప్పిందెవరు? నువ్వు కాదా? ఇప్పుడు ఉన్నట్టుండి తప్పయిందా?

ఇంకో మాట. మన ఓణిలో, ఈ వీధి పొడుగునా, ఒకప్పుడు ఇంటింటికీ ఎద్దులుండేవి. ట్రాక్టర్లు వచ్చాక ఎన్ని మిగిలాయి? పోటీకి పోయేవే మిగిలాయి. తక్కినవి సంత నుంచి ఎటు పోయాయో నీకు తెలుసు. ఉలవలు, కోడిగుడ్లు, బాదంపప్పు పెట్టి నేను వాణ్ని మేపుతున్నది సేద్యానికా? పోటీ ఉంది కాబట్టే వాడు కొట్టంలో ఉన్నాడు. లేకుంటే ఎప్పుడో కటికోడి పాలయ్యేవాడు. అప్పుడు నువ్వు ఎవరికి జాబు రాసేదానివి?

కాలుకు ఏమీ లేదు. గులకరాయి గుచ్చుకుంది, మానింది. జనం వాణ్ని 'అక్క ఎద్దు' అంటున్నారు. నీకు పేరొస్తుంటే నీకెందుకింత మంట?

నీ తమ్ముడు
జగన్నాథ్


హట్టి,
ఏప్రిల్ 9

జగ్గా,

నీ జాబు చదివి శృతి, అల్లుడు ఇద్దరూ నీ వైపే మాట్లాడారు. "మామ కొడ్తలేడు కదమ్మా, ఇంకేంది?" అంది నీ మేనకోడలు. రెండు రోజులు నేనూ అదే తిప్పి తిప్పి ఆలోచించాను. పిల్లదాని గుడ్డలు ఉతుకుతుంటే జవాబు దొరికింది.

అవును, పసుపునీళ్లు పోసింది నేనే. అప్పుడు గర్వపడ్డాను. ఇప్పుడు కడుపు మండుతోంది. రెండూ నేనే, ఏం చేస్తావు?

కొట్టలేదంటావు. కొడితే ఎద్దుకు ఒక దారైనా ఉంటుంది. చేతకానప్పుడు ఆగిపోతుంది. కాళ్లు మడిచి కూలబడి, చంపినా లేవను పో అంటుంది. అమ్మ పిలుస్తుంటే చేతకాదని ఎవడు కూర్చుంటాడు? దెబ్బకు లాగే ఎద్దు భయమున్నంత వరకే లాగుతుంది. వీడు ప్రాణమున్నంత వరకు లాగుతాడు. ఆ తేడా నీకు తెలుసు. తెలిసే చేశావు.

ఆవు పాముకాటుకు పోతే, కళ్లు కూడా సరిగా తెరవని దూడకు సీసాతో పాలు పట్టాను. పిలిచిన ప్రతిసారీ నా చేతిలో ఏదో ఒకటి ఉండేది. బెల్లంముక్కో, జొన్నరొట్టో. ఏమీ లేకపోతే నా చెయ్యే నాకించుకునేదాన్ని. ఉత్తపుణ్యానికి వాణ్ని ఒక్కసారీ పిలవలేదు. జాలహళ్లిలో ఆ డబ్బా దాకా వచ్చాక వాడికి ఏం పెట్టారు? ఎవరైనా ఏమైనా పెట్టారా? నా గొంతు చేత వాడికి అబద్ధం చెప్పించావు జగ్గా.

పోటీ లేకుంటే కటికోడి పాలే అన్నావు. అది నిజం, కాదనను. ఆ మాటే నన్ను ఎక్కువ కుమిలిపోయేలా చేసింది. మనం ఈలలు వేసుకోవడానికి పనికొస్తేనే వాడికి గడ్డి వేస్తామా? నాయన కాళ్లు పడిపోయి మంచాన ఉన్నప్పుడు పనికిరాడని అన్నం మానేశామా? అంత బరువైతే వాణ్ని ఇక్కడికి తోలు. క్వార్టర్ వెనక జాగా ఉంది. శృతి తల పట్టుకుంది, పట్టుకోనీ.

గులకరాయి గుచ్చుకున్న ఎద్దు డెక్క ఎత్తెత్తి వేస్తుంది. వాడు తొడ దగ్గర నుంచి ఈడుస్తున్నాడు. ఎవరికి చెప్తావు కథలు? డాక్టర్‌కు చూపించు.

అక్క


గిల్లేసూగూరు,
మే 20

ప్రియమైన అక్కకు,

నెల దాటి రాస్తున్నాను, తిట్టకు. ఎండలు, నీళ్ల తిప్పలు. నీ మనవరాలికి నీ మరదలు చంద్రిక వెండి గజ్జెలు తీసి పెట్టింది. నీకు ఒక ఇలకల్ చీర కూడా.

నీ మాట విని డాక్టర్‌కు చూపించాను. సూదిమందు వేశాడు. ఇప్పుడు ఖుషీగా ఉన్నాడు.

దాచడం ఎందుకు, ఒక మాట చెప్తాను. పోయిన వారం జవళగేరలో పోటీకి పోయాం. కాల్వ కింద క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్రావాళ్ల ఎద్దులన్నీ వచ్చాయి. మనవాడు మొదట బాగానే లాగాడు. సగం దూరం పోయాక ఆగాడు. కేశవులు డబ్బాను ముక్కు దగ్గర పెట్టాడు. వాడు దాన్ని వాసన చూసి, తల తిప్పి జనంలోకి చూడడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మనిషిని చూశాడక్కా! డబ్బాలో నువ్వు పిలుస్తూనే ఉన్నావు. వాడు మాత్రం కదల్లేదు. "ఏవండీ, మీ ఎద్దుకి పాట పాతబడినట్టుందండీ, కొత్తది పెట్టండి" అని ఒకాయన అంటే అందరూ ఒకటే నవ్వు. నా ఇజ్జత్ మొత్తం ఆ బండ కిందే పోయింది.

అప్పటి నుంచి సరిగా మేత తినడం లేదు. నీ మీద బెంగ పెట్టుకున్నాడు. కారహుణ్ణిమెకు, అదే ఏరువాక పున్నమికి, మన ఊళ్లోనే పోటీ. నువ్వు వచ్చి ఒక్కసారి వాడికి కనిపించు. డబ్బా వద్దు, ఏమీ వద్దు. నువ్వే నిలబడి నోరారా పిలువు. బెల్లం కూడా నీ చేత్తోనే పెట్టు. నువ్వన్నట్టు అబద్ధం ఉండదు కదా. కారు పంపిస్తాను.

జగన్నాథ్


హట్టి,
మే 28

జగన్నాథ్,

చీర చంద్రికనే కట్టుకోమను.

మేత ముట్టడం లేదని శివరాత్రికి ముందు కూడా అన్నావు. అప్పుడు నమ్మి మోసపోయాను. ఇప్పుడు నిజమో, నటనో నాకెలా తెలియాలి? నీ మాట మీద నమ్మకం లేకుండా చేసుకున్నావు చూడు, దానికే ఏడుపొస్తోంది.

వాడు జనంలో నా కోసం వెతికాడని నీ చేత్తోనే రాశావు. రాసి కూడా నీకు నవ్విన వాళ్ల మాటే గుచ్చుకుంది గానీ, వాడి చూపు గుచ్చుకోలేదా?

నేను రాను. కారు పంపకు.

శరణమ్మ


గిల్లేసూగూరు,
జూన్ తొలివారం

వదినా,

మీకు నేను జాబు రాసినట్టు ఈయనకు తెలియకూడదు. తెలిస్తే ఇంట్లో నిలవనీయడు. నాకు తెలుగు రాయడం అంతంతమాత్రమే, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

రాయచూరు నుంచి వచ్చిన డాక్టర్ బుడ్డోడి కాలు తడిమి చూసి, నరం తెగడానికి సిద్ధంగా ఉంది, మూడు నెలలు కాడి ముట్టించవద్దు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఈయన తల ఊపి పంపించేశాడు. మరునాడు ఇంకెవరినో పట్టుకొచ్చి నొప్పి తెలియకుండా సూది వేయించాడు. అది వేసిన దినం బుడ్డోడు బాగానే నడుస్తాడు. దిగిన దినం కొట్టంలో మూలుగుతాడు.

నేను అడిగాను. "కాలు గిట్ల పెట్టుకొని బండ కట్టిస్తవా?" అంటే, "ఊరంతటి ముందర మాటిచ్చిన. మా అక్కనే వచ్చి పిలుస్తది అని చెప్పిన. ఇప్పుడు ఎనుకకు పోతే మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు వదినా. ఈయన చెడ్డవాడు కాదు. జిద్దు పట్టుకుంది, అంతే.

మీరు రాకపోయినా బండ కట్టే తీరుతాడు. నా మాట వినడు. మీరు వచ్చి అడ్డం నిలబడితే తప్ప ఇది ఆగదు.

మీ చంద్రిక


హట్టి,
కారహుణ్ణిమె మరునాడు

జగ్గా,

నిన్న నన్ను చూశావు. చూసి నవ్వావు. అందుకే రాస్తున్నాను. నేను ఎందుకు వచ్చానో నీకు తెలియాలి.

నీ కోసం పిలవడానికి రాలేదు. బండకు అడ్డం పడుకోవాలని వచ్చాను. పోటీ పెట్టినవాళ్ల కాళ్లు పట్టుకుని అయినా ఆపించాలని వచ్చాను. లింగసుగూరులో బస్సు ఆగిపోయింది. రాయచూరు చేరేసరికే ఆలస్యమైంది. మన ఊళ్లో నేను దిగేసరికి మైకులో నీ పేరు వినబడుతోంది. గుంపును తోసుకుంటూ పోయాను. నిన్ను ఎదురుగా నిలబడి తిట్టాలి కదా, అందుకని అవతలి కొసకు పోయాను. ఎద్దులు వచ్చే దిక్కుకే పోయాను. బుద్ధిలేనిదాన్ని, అంత మాత్రం తోచలేదు నాకు.

బుడ్డోడు ఆగి ఉన్నాడు. కుడికాలు నేల మీద ఆన్చడం లేదు. ఇంకో క్షణం ఆగితే ఈల ఊదేవాళ్లు, అంతటితో అయిపోయేది. అప్పుడు తల ఎత్తాడు.

నేను నోరు తెరవలేదు. మన అమ్మ మీద ఒట్టు, ఒక్క అక్షరం మాట్లాడలేదు. వాడు నన్ను చూశాడు. అంతే. నడుం వంచి, కాశిని కూడా ఈడ్చుకుంటూ బండను లాగాడు. "అక్క వచ్చింది! అక్క వచ్చింది!" అని ఎవరో అరిచారు. నువ్వు చేతులూపుతూ, "నిలువక్కా, ఆడనే నిలువు!" అన్నావు. నీ మొహం వెలిగిపోతోంది.

నేను కనబడకపోతే ఆగుతాడని వెనక్కి తిరిగి నడిచాను. అప్పుడు వాడు ఇంకా గట్టిగా లాగాడు. జనం గోల చూస్తే అర్థమైంది. కేశవులు డబ్బా పట్టుకుని వెనక్కి నడిచినట్టే నేనూ నడుస్తున్నాను. నిలబడితే నా కోసం వస్తాడు. పోతే పోతున్నానని వస్తాడు. ఏం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యాల్సింది నేను?

గుంపులోకి దూరి పరుగెత్తాను. ఎవరెవరో భుజం తట్టి మెచ్చుకున్నారు. ఎదురైన మొదటి బస్సు ఎక్కి కూర్చున్నాను. వెనక్కి చూడలేదు. చూస్తే వస్తాడని చూడలేదు.

వాడు ఎలా ఉన్నాడు? ఇంకేమీ రాయకు. గెలిచావో ఓడావో నాకు అక్కర్లేదు. వాడు ఎలా ఉన్నాడో రాయి.

అక్క


గిల్లేసూగూరు,
జూన్ చివర

అక్కా,

రోజూ రాద్దామని కూర్చుని లేస్తున్నాను.

గెలిచాం. కాడి విప్పగానే పడిపోయాడు. నువ్వు పోయిన దిక్కుకే తల పెట్టి పడ్డాడు. లేపడానికి పదిమంది పట్టారు. నరం తెగి, ఎముక విరిగి, కాలు తొడ కింద వేలాడుతోంది. బండి మీద ఇంటికి తెచ్చాం. బహుమతి బిందెను చంద్రిక వాకిట్లోనే విసిరికొట్టింది. ఇంకా అక్కడే ఉంది, నేను తీయలేదు.

మొదట వచ్చిన డాక్టరే మళ్లీ వచ్చాడు. నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి కట్టు కట్టాడు. ఎముక కలిసేవరకు వాడు తనంతట లేవకూడదట. మేమే పక్కలు మార్చాలి. బలవంతాన లేస్తే కాలు మిగలదు. అప్పుడు ఎద్దును వదులుకోవడమే అన్నాడు.

మొన్న శృతి ఫోన్ చేసింది. చంద్రిక వాకిట్లో నిలబడి మాట్లాడుతోంది. పిల్లదాని ఏడుపు, దాని వెనక నువ్వు. జోల పాడుతున్నావు. సన్నగా, ఎక్కడో వినబడింది. మాకే సరిగా వినబడలేదు. కొట్టంలో వాడికి వినబడింది. ముందుకాళ్లు ఊని లేవబోయాడు. నేను ఉరికి మెడ మీద పడుకుని ఆపాను. కట్టు కదిలింది. ఒక్క అరుపు అరిచాడక్కా, ఓణి మొత్తం బయటికి వచ్చింది.

నేను వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. నువ్వు రాసిందంతా అప్పుడు తెలిసింది. ములుగర్రను విరగ్గొడితే పోతుంది. దీన్ని ఏం చెయ్యాలి? కేశవులు ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ నీ పిలుపు తీసేశాను. వాడి లోపల ఉన్నదాన్ని తీయలేను కదా.

వాడు మేత ముట్టడం లేదు. నేను ఎన్నిసార్లు ఈ మాట అన్నానో నాకు తెలుసు. ఈసారి నిజం. నమ్మకపోతే చంద్రికను అడుగు. నా చేతి వాసన వస్తే మూతి తిప్పుకుంటున్నాడు. నీ చేత్తో పిసికిన తౌడు అయితే తింటాడు. నువ్వు రావాలి. కానీ వస్తే లేస్తాడు. రమ్మని ఎలా రాయాలి, రావద్దని ఎలా రాయాలి?

ఇక పోటీలకు పోను అంటే నువ్వు నమ్మవు. అందుకని రాయడం లేదు.

జగ్గ


హట్టి,
జూలై 2

చిరంజీవి జగ్గా,

ఈ జాబు నీకు చేరిన మరునాడు వస్తాను. శృతి పోయిరమ్మంది. పిల్లదాన్ని వాళ్ల అత్తగారు వచ్చి చూసుకుంటారు.

చెప్పినట్టు చెయ్యి. నేను వాకిలి వైపు రాను. పెరటి తలుపు తీసి ఉంచు. చంద్రిక కట్టి విడిచిన చీర ఒకటి గోడ మీద వెయ్యి. బయటే నా చీర మార్చుకుంటాను. నా చీర వాసన కూడా పట్టేస్తాడు వాడు. నన్ను చూసి ఇంట్లో ఎవరూ "అక్కా" అనకూడదు, "వదినా" అనకూడదు. కేశవులును ఆ చుట్టుపక్కలకు రానీయకు, వాడి నోరు ఊరుకోదు.

తౌడు, బెల్లం, ఉడకబెట్టిన ఉలవలు వంటింట్లో పెట్టు. నేను పిసికి ఇస్తాను. అందులో నా చేతి వాసన ఉంటుంది, అంతవరకు చాలు. తీసుకుపోయి నువ్వే పెట్టు. మొదటిరోజు మూతి తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. గిన్నె అక్కడే పట్టుకుని కూర్చో. కోప్పడకు. వాడు కోప్పడ్డా పడు.

నేను కొట్టం గోడకు ఇవతల కూర్చుంటాను. వాడు అరిస్తే కొంగు నోట్లో కుక్కుకుంటాను. నాకు ఎంత కష్టమో నీకు రాయలేను జగ్గా. వాడు పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ నేను పలకకుండా వాడి దగ్గర లేను.

నువ్వు మాత్రం వాడితో మాట్లాడుతూ ఉండు. ఏదైనా మాట్లాడు. వానల సంగతి, మిరప చేను సంగతి. కాలు కలిసేలోగా వాడికి నీ గొంతు అలవాటు కావాలి. కానీ దా అని పిలవకు. దగ్గరికి నువ్వే పో.

నేను గోడ ఇవతల ఉంటాను. ఎన్నాళ్లయినా మాట్లాడను.

అక్క